లారీ ఎక్కని ఆదివారం

మిట్టమధ్యాహ్నం శామీర్‌పేట చెరువు దాటాక లారీ ఆగింది. దిగమన్నారు. నలభైల్లో, యుద్ధం నడుస్తున్న రోజులు. బర్మాకే అనుకుని బొల్లారంలో ఎక్కినవాళ్ళం, గంటకే దిగి ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. ఎదురుగా రాతినేల, తుమ్మచెట్లు, ముళ్ళతీగ కంచె. లోపల టార్పాలిన్లు కప్పిన పెట్రోలు పీపాలు. మనిషికో రైఫిలు, రెండు దుప్పట్లు, నీళ్ళసీసా, మగ్గు. పొద్దున ఆరు నుంచి పది, మధ్యాహ్నం రెండు నుంచి ఆరు కాపలా.

మా జట్టుకు పెద్ద అయిన నాయక్ హుకుం చదివాడు. పాసు లేకుండా కంచె దాటకూడదు. ఉన్న చోటు ఉత్తరాల్లో రాయకూడదు.

నాకు నవ్వొచ్చింది. పడమటికి ఏడెనిమిది మైళ్ళు నడిస్తే మేడ్చల్. అక్కడ మిషన్ వాడలో మా అమ్మ ఒక్కతే ఉంది. నాయిన ఎప్పుడో పోయాడు. కొడుకు సముద్రం దాటి తూటాల మధ్య ఉన్నాడని ఆమె అనుకుంటోంది. నా ఉత్తరంలో 'క్షేమం' అన్న మాట తప్ప మరేమీ ఉండేది కాదు.

యుద్ధం మా దాకా రాలేదు. వచ్చినవి దుమ్ము, తేళ్ళు, వానాకాలంలో దోమలు. రేషను మాత్రం నిండుగా వచ్చేది. చుట్టుపక్కల ఊళ్ళలో జొన్నలు దొరక్క జనం అల్లాడుతుంటే మేము రొట్టె, పప్పు, మాంసం తిన్నాం. నేను బాగా ఒళ్ళు చేశాను.

సాయంత్రాలు తోటివాళ్ళు రమ్ము తాగమని పిలిచేవారు. పోలేదు. కంచె కింద దూరి కల్లుకు పోదామన్నారు. పోలేదు. రోజూ మోకరించి ఒకటే అడిగేవాణ్ణి: ప్రభువా, శోధనలో పడనివ్వకు. ఆయన నన్ను నిలబెడుతున్నాడని గట్టి నమ్మకం. నిజం చెప్పాలంటే కొంచెం గర్వం కూడా.

ఒక ఆదివారం పొద్దున, నా కాపలా అయ్యాక, గేటు దగ్గర టెలిఫోను మోగితే ఎత్తాను. సిగ్నల్ జవాను గొంతు. "హలో, గేటు. ఖాళీ లారీ వస్తాంది. మేడ్చల్ స్టేషన్‌కు పోయి ఒంటిగంటకు వాపస్ వస్తది."

వంటవాడు కూరగాయల గంప దించి నా పక్కకు వచ్చాడు. "తమ్మీ, కూరలు తెచ్చే ఆమెది మీ మేడ్చలే. నీ సంగతి చెప్పలే, ఊకె మీ అమ్మ ఎట్లుందని అడిగిన. మస్తు చిక్కిపోయిందట."

నాయక్ విన్నాడు. కరీంనగర్ వైపు మనిషి. మాట కరుకు, మనసు వెన్న. "ఎక్కు లారీ. హాజరీ నేను చూస్కుంట. అమ్మను చూసి అదే లారీల రా."

"పాసు లేదు గదా సాబ్."

"పాసు రాసే సాబు బొల్లారం పోయిండు. నేను చెప్తున్న గదా, జల్దీ ఎక్కు."

అప్పటికే గేటు ముందుకొచ్చి ఆగిన లారీ ఇంజను ఆడుతూనే ఉంది. ఒక కాలు పైకి పెట్టాను. అంతలో అనిపించింది: ఇదే శోధన. మనకు ప్రియమైనదాన్నే సాతాను ముందు పెడతాడని మా పాస్టరుగారు ఎన్నిసార్లు చెప్పలేదు? పైగా హాజరీలో అబద్ధం. కాలు దించాను.

"వద్దు సాబ్. అమ్మను దేవుడే చూస్కుంటడు."

నాయక్ నన్ను ఎగాదిగా చూశాడు. "నిన్ను కన్నది ఆమెరా, సైతాను గాదు," అన్నాడు. లారీ వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను. గెలిచాననుకున్నాను. ఆ ప్రార్థన గుర్తొస్తే ఇప్పటికీ బాధేస్తుంది. దేవుణ్ణి నేను తప్పుపట్టను. శోధన ఏదో, ఆయన పంపిన దారి ఏదో ఆ వయసులో నాకు తెలియలేదు, అంతే. ఆ లారీ మళ్ళీ మేడ్చల్ వైపు పోలేదు.

యుద్ధం ముగిసింది. డిశ్చార్జి కాగితంతో, కిట్‌బ్యాగు భుజాన వేసుకుని మిషన్ వాడలోకి నడిచాను. మా పొరుగింటి పెద్దమ్మ ఎదురొచ్చి ఏడ్చింది. మా సంఘంలో ప్రతి ఇల్లాలూ వండే ముందు ఒక పిడికెడు గింజలు దేవుడి కోసం తీసిపెడుతుంది. ఆదివారం గుడిలో ఇస్తుంది.

"మీ అమ్మ నీ పేరు మీద ఇంకో పిడికెడు తీసింది బిడ్డా. కరువుల గూడ ఆపలే. నా కొడుకు గుండ్ల నడుమ ఉన్నడు, ఎట్ల ఆపుత అన్నది. తన ముద్దే తగ్గించుకున్నది."

ఇంట్లోకి వెళ్ళాను. అమ్మ ఏడవలేదు. నన్ను మంచం మీద కూర్చోబెట్టి చొక్కా గుండీలు విప్పింది. "యాడ తగిలింది బిడ్డా, చెప్పు," అంటూ మెడ, భుజాలు, ఛాతీ తడిమింది. "యాడ తగల్లే. సూసినవా, దేవుడు నా మాట ఇన్నడు."

"అమ్మా, నేను బర్మాకు పోలే. గిక్కడ శామీర్‌పేట కాడనే ఉన్న."

వేళ్ళు ఆగాయి. కండపట్టిన నా పక్కటెముకల మీద, పుల్లల్లాంటి ఐదు వేళ్ళు. కాసేపటికి అవి మళ్ళీ కదిలి వీపు మీదికి పోయాయి, ఎక్కడో ఒక గాయం ఉండే ఉంటుందన్నట్టు వెతికాయి. అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. నేను చొక్కా విప్పినప్పుడల్లా ఆ వేళ్ళు ఇంకా వెతుకుతూనే ఉంటాయి.