వాసన లేని తంబాకు

నేను డిగ్రీ పాసయ్యాను. మా వంశంలో నేనే మొదటిదాన్ని. ఇది పాత ముచ్చటే, ఏండ్లు గడిచాయి. అయినా ఎవరు కొత్తగా పరిచయమైనా నా నోట ముందు వచ్చేది ఇదే. చెప్పేటప్పుడు పొంగిపోతానట, చెప్పేశాక ఎటో చూస్తూ ఉండిపోతానట. నాతో పనిచేసే ఆమె అంటుంది. ఎందుకో ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. ఇక్కడ చెబుతాను.

మాది మెట్‌పల్లి. బాపు నా చిన్నప్పుడే పోయాడు. అవ్వ, అంటే మా అమ్మ, బీడీలు చేసేది. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, పొద్దుగూకేలోపు వెయ్యి బీడీలు కార్ఖానాలో అప్పజెప్పాలి. మా వాడలో ఆడవాళ్లందరి పనీ అదే. పెళ్లికి పోయినా, ఆసుపత్రిలో కూర్చున్నా ఒళ్లో బీడీల చాట ఉంటుంది.

అవ్వకు ఒకటే పిచ్చి, బస్సెక్కడం. ఆదిలాబాద్‌లో మాకు చుట్టాలు లేరు, పనీ లేదు. అయినా ఏడాదికి రెండు మూడుసార్లు తెల్లవారకముందే లేచి జొన్నరొట్టెలు, టమాట తొక్కు కట్టుకుని పల్లెవెలుగు బస్సులో అటువైపు బయలుదేరేవాళ్లం. నిర్మల్‌లో బస్సు మారి ఘాటు రోడ్డు ఎక్కేవాళ్లం. నేరడిగొండ దాటామంటే అదే గొప్ప. అక్కడ దిగి, టీ తాగి, ఎదురుగా వచ్చే బస్సెక్కి వెనక్కి. సాయంత్రానికి కార్ఖానాకు బీడీలు చేరాలి కదా. అందుకే అన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆదిలాబాద్ చూడలేదు.

బస్సులో కూడా ఆమె ఒళ్లో చాటే. గాలికి తంబాకు లేస్తుందని కిటికీ మూయించేది. తల వంచి చుట్టుకుంటూ, బయట ఏముందో నన్ను చెప్పమనేది. వాగు వచ్చిందవ్వా, కోతులు కూర్చున్నాయవ్వా, అని నేను చెబుతుంటే ఊ కొట్టేది. ఒకసారి కండక్టర్ వచ్చి నిలబడ్డాడు.

“అవ్వా, గిది బస్సా, బీడీ కార్ఖానానా?”

“బస్సే బిడ్డా. గందుకే టికెట్ తీస్కున్న. జర జరుగు, ఎల్తురు అడ్డమైతున్నవ్.”

బస్సంతా నవ్వింది. వెనక సీట్లోంచి ఎవరో ఆమె లేచి వచ్చి, తనకూ ఈ పని తెలుసంటూ నిర్మల్ దాకా కూర్చుని దారాలు కట్టి పెట్టింది.

ఘాటు మీద ఒకసారి బస్సు ఆగిపోయింది. డ్రైవర్ రోడ్డు పక్కన ఒక చెట్టు చూపించి అదే తునికిచెట్టు అన్నాడు. అవ్వ దాని చుట్టూ తిరిగింది. ఆకు తెంపి వాసన చూసింది.

“గిదేనా? నేను మస్తు పెద్దగుంటదనుకున్న. గింత చెట్టు గాని నా నడుమంత ఇరగ్గొట్టింది సూడు.”

ఆ రోజు తిరుగు ప్రయాణంలోనే మాట ఇచ్చింది. నువ్వు డిగ్రీ పాసైతే ఆ రోజు చాట ఇంట్లోనే పెడతాను, కిటికీ తెరిచి ఆదిలాబాద్ దాకా పోదాం, అక్కడే రెండు రోజులు ఉందాం, అని.

ఇంగ్లిష్ పేపరొకటి మిగిలిపోయి నా డిగ్రీ ఆలస్యమైంది. దాని ఫలితం వచ్చేసరికి రెండో లాక్‌డౌన్. పొద్దున పదింటి దాకే బయట తిరగాలి, తర్వాత పోలీసులు. డిపోలో బస్సులు వరుసగా నిలబడి ఉన్నాయి. ఫోన్‌లో నా నంబరు పక్కన పాస్ అని కనబడగానే మాస్కు సంగతి మరిచి వాడంతా వినబడేలా అరిచాను. తలుపులు తీసి బయటికి వచ్చే రోజులు కావు. పక్కింటి అత్త గోడ మీదుగా చక్కెర డబ్బా అందించింది. అవ్వ చాట దించి, నా ముఖం రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత దగ్గింది.

ఆ దగ్గును నేను పట్టించుకోలేదు. మా వాడలో దగ్గని ఆడది లేదు. దాన్ని తంబాకు దగ్గంటారు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ దగ్గు వింటూనే నిద్రలేచాను. అదీగాక నాకు తీరికెక్కడిది? ఏ బస్సెక్కాలి, ఎక్కడ మారాలి, ఆదిలాబాద్‌లో ఎక్కడ ఉండాలి, అన్నీ రాసుకుంటున్నాను. రెండు రోజుల తర్వాత అవ్వ కొత్త తంబాకు సంచీ విప్పి, పిడికెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుని కోపంగా విసిరింది.

“మోసం జేసిండ్రు బిడ్డా. కల్తీ తంబాకు. జర్రంత గూడ వాసన లేదు.”

“రేపు పోయి కొట్లాడుదాం తియ్యవ్వా,” అని నవ్వాను.

మర్నాడు పొద్దున్నే నిజంగానే పోయి కార్ఖానాలో కొట్లాడి వచ్చింది. వాళ్లు సంచీ మార్చి ఇచ్చారు. అందులోనూ వాసన లేదంది. ముక్కుకు వాసన తెలియకపోతే అది దేనికి గుర్తో టీవీలో రోజూ చెబుతున్నారు. అవ్వకు తట్టలేదు, చదువుకున్నది కాదు. డిగ్రీ పాసైన నాకూ తట్టలేదు. ఆ సంచీ నేనూ వాసన చూసి ఉంటే చాలు, తెలిసిపోయేది. చూడలేదు. చేతిలో ఫోన్ పట్టుకుని ఆదిలాబాద్ దారి చూస్తూ కూర్చున్నాను.

ఇంకో రెండు రోజులకు అవ్వకు ఊపిరి అందలేదు. అంబులెన్స్ కరీంనగర్ పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. వెంట ఎవరూ రాకూడదన్నారు. మర్నాడు పోలీసుల దగ్గర పాస్ సంపాదించి, పక్కింటి మామ మోటార్‌సైకిల్ మీద నేను గేటు దగ్గరికి చేరాను. లోపలికి పంపలేదు. మధ్యాహ్నం ఒకామె వచ్చి అవ్వ పేరు పిలిచింది. నేనే బిడ్డనన్నాను. పోయిందని చెప్పింది.

అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. కాసేపటికి ఒకతను వచ్చి కొంచెం దూరంలో నిలబడ్డాడు. అవ్వను తీసుకొచ్చిన అంబులెన్స్ డ్రైవర్.

“డిగ్రీ పాసైంది నువ్వేనా చెల్లె?”

“నీకెట్ల తెలుసన్నా?”

“తొవ్వ పొడుగూత గదే ముచ్చట. మాస్కు తియ్యకు అవ్వా అంటె తీసి మరీ చెప్పింది. మా వంశంల ఎవ్వలు సదువలే, నా బిడ్డ సదివింది అన్నది. ఘాటు మీద బండి నడిపినవా అని అడిగింది. నడిపిన అన్న. బిడ్డతోని ఆదిలాబాద్ దాక పోవాలె అన్నది.”

“ఇంకా?”

“గంగాధర ఊరి కాడ, ఎక్కడికచ్చినం బిడ్డా అన్నది. జర తెలివిల లేదు.” అతను తల వంచుకున్నాడు. “ఆదిలాబాద్ దగ్గరికచ్చినం అవ్వా అన్న. అబద్ధమాడిన చెల్లె. ఏమనుకోకు.”

“అంటే ఏమన్నది?”

“మా బిడ్డను లేపు, నిద్రపోయినట్టుంది, అన్నది.”