మోతీ మళ్లీ దూకిన చలికాలం

నా చిన్నప్పుడు గోదావరిఖనిలో మా కాలనీ వాళ్లు గడియారం కంటే బొగ్గు గని సైరన్‌నే ఎక్కువగా నమ్మేవారు. నేను దాన్నీ నమ్మేదాన్ని కాదు. పుట్టుకతోనే అనుమానపు మనిషిని. కొట్టులో చాక్లెట్ కొంటే అక్కడే కాగితం విప్పి, లోపల నిజంగా ఉందో లేదో చూసుకుని కదిలేదాన్ని. అలాంటి నేను ఒకే ఒక్కసారి వెనకాముందూ చూడకుండా సైరన్‌ను నమ్మాను. దాని ఫలితం మాత్రం పక్కింటి చాచా గుర్రం అనుభవించింది.

చాచా పెళ్లి ఊరేగింపులకు గుర్రాన్ని తీసుకెళ్లేవాడు. ఇంటి వెనక రేకుల షెడ్డులో మోతీ అనే తెల్లటి పడుచు గుర్రం ఉండేది. ఊరేగింపు గుర్రాలు పెద్దపల్లిలోనూ దొరికేవి గానీ, మోతీ పేరు వేరు. పెళ్లికొడుకు దిగాక ఇద్దరు మనుషులు బంతిపూల దండ చుట్టిన వెదురు కర్రను అడ్డంగా పట్టుకునేవారు. బ్యాండు మోగుతుండగా మోతీ దాని మీదుగా దూకేది. ఆ దూకుడు కోసమే జనం చాచా ఇల్లు వెతుక్కుంటూ వచ్చేవారు.

దసరా సెలవుల్లో ఒక మధ్యాహ్నం, చాచా నమాజుకు వెళ్లిన సమయం చూసి నేను మోతీని విప్పాను. రెండు వైపులా ఇటుకలు పేర్చి కర్ర పెట్టాను. నా మాటకు కూడా దూకుతుందా లేదా చూడాలని ఎన్నాళ్ల నుంచో కోరిక. మా దగ్గర ఒక కట్టుబాటు ఉండేది. ఓపెన్‌కాస్టు గనిలో మందుగుండు పేల్చే ముందు బ్లాస్టింగ్ సైరన్ మోగితే పశువులున్న వాళ్లు వాటిని కట్టేసి, మోత అయ్యేదాకా మెడ మీద చెయ్యి వేసి నిలబడాలి. షిఫ్టు సైరన్ ఒకే దమ్మున పొడుగ్గా మోగేది. బ్లాస్టింగ్ సైరన్ ఆగి ఆగి మోగేది. ఆ రోజు మొదటి కూత వినగానే రెండో షిఫ్టుదే అనుకున్నాను. నా ధ్యాసంతా మోతీ మీదే ఉంది, మధ్యలో ఆగిందా అని చెవి పెట్టలేదు. మోతీ గాలిలో ఉండగా నేల అదిరింది. అది కర్ర మీద పడి ముందుకాళ్ల మోకాళ్లు రెండూ గీరుకుపోయాయి. దాన్ని తెచ్చి కట్టేసి, ఇటుకలు ఎక్కడివక్కడ సర్ది, ఇంటికి వెళ్లి దుప్పటి ముసుగు పెట్టుకున్నాను.

మోకాళ్లు మానాయి. దూకుడు మాత్రం పోయింది. కర్ర కనిపిస్తే మోతీ చెవులు వెనక్కి వాల్చి నిలబడిపోయేది. మధ్యాహ్నం పూట షెడ్డుకు వచ్చేది గడ్డి తెచ్చే అవ్వ ఒక్కతే. ఆమె కొడవలికో, గడ్డి మోపుకో గుర్రం బెదిరి ఉంటుందని చాచా అనుకున్నాడు. తిట్టలేదు. రేపటి నుంచి గడ్డి వద్దవ్వా అన్నాడంతే. అవ్వ తల మీది చుట్టకుదురు తీసి చేతిలో పట్టుకుని వెళ్లిపోవడం నేను కిటికీలోంచి చూశాను.

చలి మొదలయ్యాక చాచా రోజూ పొద్దున్నే మోతీని బయటికి తెచ్చేవాడు. ముందు నేల మీద తాడు పరిచి దాటించాడు. తర్వాత కర్రను నేల మీదే పెట్టి నడిపించాడు. వారం గడిచాక అటొక ఇటుక, ఇటొక ఇటుక. తాడు పట్టుకోవడానికి నన్నే పిలిచేవాడు. పని కాగానే బెల్లం ముక్కను రెండుగా విరిచి, సగం మోతీకి, సగం నాకు పెట్టేవాడు. కాలనీలో ఇంతమంది పిల్లలుండగా నన్నే ఎందుకు పిలుస్తున్నట్టు? ఆ బెల్లం ఎందుకు? నా నోటితోనే చెప్పించాలని చూస్తున్నాడని నా అనుమానం. బెల్లం తినేదాన్ని గానీ, తింటున్నంతసేపూ ఆయన మొహమే చూసేదాన్ని.

రెండు ఇటుకల ఎత్తు వరకు మోతీ బాగానే దూకింది. ఒకరోజు చాచా పక్కన డప్పు కొట్టించి చూశాడు. అంతే, మళ్లీ మొదటికొచ్చింది. మాఘంలో పెళ్లిళ్లు. డప్పు లేని పెళ్లి ఎక్కడుంటుంది? ఆ వారమే కాసిపేట వైపు నుంచి ఒకతను కొనడానికి వచ్చి మోతీ పళ్లు చూశాడు, నడుం నొక్కి చూశాడు. ఇటుకల బండికి కడతాడట. దూకకపోయినా లాగితే చాలన్నాడు. మళ్లీ ఆదివారం వస్తానని చెప్పి వెళ్లాడు.

శనివారం పొద్దున తాడు పట్టుకుని నిలబడ్డాను.

"నేనే చాచా. షిఫ్టు సైరన్ అనుకున్న" అన్నాను. మిగతాదంతా ఏడుస్తూ చెప్పాను.

చాచా బకెట్ బోర్లించి దాని మీద కూర్చున్నాడు. "మోత ముందా బిడ్డా, దూకుడు ముందా?" అని అడిగాడు.

"దూకినంకనే మోత. అది గాలిల ఉన్నది."

"అట్లనా. దూకితే నేల పగులుతదనుకుంటున్నది ఇది. నేనేమో కర్ర చూసి భయపడుతున్నదని కర్రనే తగ్గించుకుంట వచ్చిన." తర్వాత నా వైపు చూశాడు. "ఇన్ని దినాలు ఎందుకు చెప్పలే?"

"కొడతవనుకున్న."

"నేను మోతీని కొట్టంగ ఎప్పుడన్న చూసినవా?"

చూడలేదు. రెండు నెలలు ఆయన మొహం చూశాను గానీ, ఆయన చేతులు చూడలేదు. నాకు అంత సిగ్గు ఎప్పుడూ కలగలేదు.

ఆయన విధించిన శిక్ష ఒక్కటే. "అవ్వను నువ్వే పోయి తోల్కరా" అన్నాడు. కమాన్‌పూర్ రోడ్డు పక్కన ఉన్న ఆమె గుడిసెకు నడిచి వెళ్లాను. అవ్వ అంతా విని, "నింద పడ్డ కాంచి కొడవలి చేతవట్టబుద్ధి కాలేదు బిడ్డా" అంది. అయినా లేచి నా వెంట వచ్చింది. ఆమె ముందు చాచా తలవంచుకుని నిలబడ్డాడు. ఆదివారం వచ్చిన మనిషిని ఉత్త చేతులతోనే పంపించాడు.

సోమవారం నుంచి పాఠం మళ్లీ మొదటి నుంచి మొదలైంది, ఈసారి బ్లాస్టింగ్ వేళకు. సైరన్ మోగగానే చాచా మోతీ మెడ మీద చెయ్యి వేసేవాడు. నేల అదిరేది. మోత అయ్యాక నేల మీది కర్రను దాటించేవాడు. కొన్నాళ్లకు మోతకు, దాటడానికి మధ్య ఎడం తగ్గించాడు. ఇటుకలు ఒక్కొక్కటిగా పెరిగాయి. మాఘంలో మొదటి పెళ్లికి నేనూ వెళ్లాను. డప్పులు మోగుతున్నాయి, ఎవరో టపాసుల సరం కూడా అంటించారు. మోతీ ఒక చెవి అటు తిప్పింది. అరక్షణం ఆగింది. తర్వాత బంతిపూల మీదుగా దూకి అవతల నిలబడింది.

నా అనుమానం మాత్రం ఇప్పటికీ పోలేదు. కూరగాయలు ఇంటికొచ్చాక మళ్లీ తూచుకుంటాను. అయితే ఇంట్లో ఏదైనా పగిలి, మనవరాలు తలుపు చాటున నక్కితే, ఎవరు పగలగొట్టారని అడగను. ఏది ముందు, ఏది తర్వాత అని అడుగుతాను. పిల్ల చెప్పడం మొదలుపెట్టగానే చాచా గుర్తొస్తాడు. తప్పు ఒప్పుకున్నాక వచ్చిన ఆ సోమవారం, పాఠం అయ్యాక, ఇక నాకేమీ ఉండదనుకుంటూ తాడు వదిలి ఇంటికి బయల్దేరాను. వెనక నుంచి పిలిచాడు. బెల్లాన్ని రెండుగా విరిచాడు. సగం మోతీకి, సగం నాకు. ఎప్పుడూ ఇచ్చేంత ముక్కే.