మనోడు నవ్వని భాగం

ఈ పొద్దున వార్నిష్ కాలిన వాసనా, పక్క కొట్టు ఫోనులో ఆ గూఢచారి సినిమా కొత్త భాగం పాటా ఒకేసారి తగిలాయి. చేతిలోని మోటారు పక్కన పెట్టి రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డాను. ఎందుకు లేచానో నాకే తెలియదు. ఆ సినిమా మాట వినబడితే నాకు కుదురుండదు, జానీ భాయ్ గుర్తొస్తాడు.

భద్రాచలంలో మోటార్లకు వైండింగ్ చేసే షాపు ఆయనది. తీగ చుట్టడం నాకు నేర్పింది ఆయనే. ఎనిమిదేళ్లు ఆయన దగ్గరే పనిచేశాను. ఆ సినిమా కొత్త భాగం వచ్చిందంటే షట్టర్ దించి నన్ను మ్యాట్నీకి లాక్కుపోయేవాడు. హీరోను పేరుతో పిలిచేవాడు కాదు, "మనోడు" అనేవాడు. మొదటి మూడు భాగాల్లో మనోడు బాంబు పక్కన కూర్చుని కూడా జోకులేసేవాడు. జానీ భాయ్ కూడా అంతే, కరెంటు షాకు కొట్టినా నవ్వేవాడు.

నాలుగో భాగంలో కథ అడ్డం తిరిగింది. మనోడి భార్యను శత్రువులు చంపేస్తారు. వాళ్లకు జాడ చెప్పింది పక్కనే తిరిగిన దోస్తు. ఆ తర్వాత మనోడు ఒక్కసారీ నవ్వడు. హాల్లో జనం గొణిగారు.

"ఏంది భాయ్, గిట్ల తీసిండ్రు?" అన్నాను బయటికొచ్చాక.

"ఇంట్లో మనిషి పోతే నువ్వు జోకులేస్తవారా?" అన్నాడు.

మరుసటి ఏడు ఆయన భార్య షమీమ్ భాభీ పోయింది. నలభై రోజులు ఆయన షాపు మొహం చూడలేదు. గోదావరి వరద తగ్గి, పొలాల్లో మునిగిన మోటార్లు షాపు ముందు వరస కట్టిన రోజులవి. నేనేం చేశాను? గిరాకీల ఫోన్ నంబర్లన్నీ రాసుకుని ఎదురుగానే సొంత షాపు తెరిచాను. ఆయనకు ఒక్క మాట చెప్పలేదు. ఛీ, మనిషి చేసే పనేనా అది!

ఆయన గొడవకు రాలేదు. రోడ్డు అవతల తల వంచుకుని పని చేసుకునేవాడు. తిట్టినా బాగుండేది. ఐదో భాగం వచ్చిన రోజు మాత్రం రోడ్డు దాటి నా షాపులోకి వచ్చాడు.

"నడువు, మ్యాట్నీకి టైమైతుంది."

తెర మీద మనోడు ఆ దోస్తుకు ఎదురుపడి, మాట్లాడకుండా పక్కనుంచి వెళ్లిపోయాడు. ఇంటర్వెల్లో టీ తాగుతూ ఉండబట్టలేక అడిగాను.

"ఎందుకు చేసినవని మనోడు వాణ్ని అడుగుతలేడేంది భాయ్?"

"అడిగితే వాడు అబద్ధం చెప్తడు. గది వినలేక," అన్నాడు, నా వైపు చూడకుండా.

నిజం నా నోటి దాకా వచ్చింది. బెల్లు కొట్టారు, లోపలికి వెళ్లాం.

ఆరో భాగం రాకముందే గుండెపోటుతో ఆయన పోయాడు. ఎందుకు వేరుపడ్డావని ఎవరడిగినా, సొంత కాళ్ల మీద నిలబడాలని అంటాను. అబద్ధం. ఆయన ఏడుపులో ఉన్నాడు, ఇప్పుడైతే అడ్డు రాడు అనుకున్నాను. అంతే, భాయ్.