ఆడోళ్ల పొద్దులో చెట్టు మీద మొగోడు

ఆ కాలంలో సర్కారంటే మాకు దేవుని కంటే ఎక్కువ భయం. దేవుని కాడ తప్పు చేస్తే కొబ్బరికాయ కొట్టి మొక్కుకుంటే సరిపోయేది, సర్కారుకు ఏం కొట్టాలో మాకు తెలిసేది కాదు. నేను పెండ్లయి కడపకొచ్చిన కొత్తల్లో మా ఇంటాయన ఊరి పార్కుకు కావలిదారు. గేటు పక్కన రేకుల గదిలో మా కాపురం. పని పోతే ఆ గదీ పోతాది, మళ్లా అత్తగారి ఊర్లో పదిమంది మధ్య ఒక మూల పడుకోవల్ల. అందుకని ఆయన కంటే నాకే ఆ పని మీద ప్రాణం ఎక్కువ. పార్కు రోజూ అందరిదీ, శుక్రవారం సాయంత్రం మాత్రం ఆడోళ్లది. గోషా పాటించే ఇండ్ల నుంచి జట్కాలకు తెరలు కట్టుకోని వచ్చేవాళ్లు. ఆ పొద్దు లోపల మొగపురుగు ఉండగూడదు, కావలిదారు కూడా. ఆయన బయట కూర్చోని, పొద్దు గూకంగానే గేటు బయట వేలాడే రైలుపట్టా ముక్కను ఇనుపకడ్డీతో కొడితే, అప్పుడు వాళ్లు లేసేది. కొట్టేదాకా ఒక్కరూ కదలరు. (వారానికొకసారి ఆకాశం చూసేటోళ్లు ఊరికే ఎట్లా కదుల్తారు?)

ఆ శుక్రవారం మొగోళ్లనంతా బయటికి పంపినంక సుడిగాలి లేసి, మా ఆయన నెత్తిన ఉండే సర్కారు ఎర్ర తలపాగాను ఎత్తుకుపోయి లోపలి వేపచెట్టు కొమ్మకు తగిలించింది. అది లేకుండా కనపడితే ఆయన పైన ఉండే తోట మేస్త్రి ఊరుకోడని గబగబా చెట్టెక్కినాడు. అంతలోనే జట్కాలు వచ్చేసినాయి. ముందు దిగింది ఆ మేస్త్రి తల్లే. తమలపాకుల డబ్బా చంకలోంచి దించదని ఆమెను ఆకుల బూబమ్మ అనేవాళ్లం. తోటంతా వదిలిపెట్టి సరిగ్గా ఆ చెట్టు కిందనే చాప పరిచింది. నేను నీళ్లు అందిస్తాండా. పైనుంచి వేపపండ్లు రాల్తాండాయి. "గాల్లేదు గదమ్మే, ఇన్ని పండ్లెట్లా రాల్తాండాయి?" అనింది బూబమ్మ. "శానా మాగినాయి పెద్దమ్మా" అంటి. "మీ ఇంటాయన గేటు కాడ లేడే, యాడికి పోయినాడు?" "చుట్ట తెచ్చుకోను పోయినాడు." "మరి పొద్దు గూకితే పట్టా కొట్టేదెవరు?"

అప్పుడు తట్టింది నాకు. పట్టా మోగందే వీళ్లు పోరు, వీళ్లు పోందే ఆయన దిగలేడు, ఆయన దిగందే పట్టా మోగదు. సర్కారు సామాను ఆడది ముట్టుకుంటే ఏం శిక్షో నాకు తెలీదు. అయినా పొద్దు గూకంగానే పోయి కడ్డీ పట్టుకుంటి. ఎన్ని దెబ్బలు కొట్టాలో ఆయన్ని ఎప్పుడూ అడిగిందాన్ని కాదు. కండ్లు మూసుకోని కొడతానే ఉంటి. ఇంకేముంది, యాడో ఇల్లు అంటుకుందని వీధిలో మొగోళ్లంతా నీళ్ల బిందెలతో ఉరికొచ్చి గేటుకు అడ్డం నిలబడినారు. మొగోళ్లుంటే ఆడోళ్లు బయటికి రారు, మంట యాడో తెలిసేదాకా మొగోళ్లు పోరు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

బూబమ్మ ముసుగు లాక్కోని గేటు సందులోంచి, "మంటా లేదు పొగా లేదు. కొత్త కోడలు పట్టా కొట్టేది నేర్చుకుంటాండాది. ఆ నీళ్లు మీ గుమ్మాల్లో చల్లుకోపోండి" అనింది. నవ్వుకుంటా పోయినారు. జట్కాలన్నీ కదిలినంక ఆమె చాప చుట్టుకోని, తలెత్తకుండానే, "ఇంక దిగప్పా, చీమలు కుట్టినట్టుండాయి" అనింది.

తెల్లారి మేస్త్రి వచ్చినాడు. "నిన్న కొట్టిందెవరు?" అంటే మా ఆయన తలపాగా సర్దుకోబట్టె. తలుపు చాటు నుంచి "నేనే" అంటి. "ఇకమీద శుక్రవారం నువ్వే కొట్టమ్మా. ఊరు ఉలిక్కిపడేటట్టు మాత్రం వద్దు" అన్నాడు. పోతా పోతా మా ఆయన్ని చూసి, "తలపాగా గట్టిగా చుట్టుకోప్పా" అన్నాడు.

మా ఆయన కాలం చేసి శానా ఏండ్లయింది. ఇప్పటికీ యాడ వేపచెట్టు కనపడినా నిలబడి కొమ్మల్లోకి చూస్తా. మెడ పట్టేస్తాది. (నేను చెప్తాంటే ఇది రాస్తాండే నా మనవరాలు "ఏం చూస్తాండావవ్వా?" అని అడుగుతాది. "గాలుండాదేమోనని" అంటా.)