కాలువ గట్టు మీద ఖాకీ టోపీ

ఆ రోజుల్లో ఆడపిల్ల సైకిల్ తొక్కుతూ పోతుంటే కృష్ణగిరి బజారులో కాఫీ తాగేవాళ్ళు గ్లాసులు చేత్తో పట్టుకునే బయటికి వచ్చి నిలబడేవారు. ఆ చూపులకు అలవాటు పడ్డవాళ్ళు పడ్డారు, నేను మాత్రం పడలేదు. అందుకే ఇప్పటిదాకా ఎవరికీ చెప్పని సంగతి ఒకటి మీకు చెబుతాను. నా మొదటి సైకిల్ ప్రయాణానికి రోడ్డు వదిలేసి కాలువ గట్టును ఎంచుకున్నది గట్టు చదునుగా ఉంటుందనీ కాదు, చల్లగా ఉంటుందనీ కాదు. అక్కడైతే నన్ను ఎవరూ చూడరని. మా ఆఫీసులో అందరికీ వేరే కారణాలు చెప్పాను. నాన్నకు కూడా వేరే కారణమే రాశాను. నా డైరీలో సైతం "గట్టు దారి ఆరోగ్యకరం" అని రాసుకున్నాను (డైరీ దగ్గర కూడా సిగ్గుపడే మనిషిని నేనొక్కదాన్నే అయి ఉంటాను).

ఊరి దగ్గర ఏటి మీద డ్యాము కట్టి ఎంతో కాలం కాలేదు. దాని కాలువల కింద ఊళ్ళు కొత్తగా వరి మొహం చూస్తున్నాయి. నేను హోసూరు నుంచి వచ్చి గ్రామసేవికగా చేరాను. పల్లెలకు పోయి ఆడవాళ్ళను కూర్చోబెట్టి, నీళ్ళు కాచి తాగమనీ, పొగ రాని పొయ్యి వేసుకోమనీ, పిల్లలకు మునగాకు పెట్టమనీ చెప్పే ఉద్యోగం అది. నలుగురి ముందు నోరు విప్పలేని దానికి ఈ ఉద్యోగం ఎవరిచ్చారని మీరు అడగవచ్చు. రాతపరీక్షలో ఇచ్చారు. రాయమంటే నేను పొగ రాని పొయ్యి మీద గ్రంథమే రాయగలను. ఆ ఉద్యోగం వల్ల నాకొక గది వచ్చింది. కిటికీలోంచి కొండ మీది కోట కనబడేది. రాత్రి భోజనమయ్యాక లాంతరు దగ్గర పుస్తకం తెరిస్తే "కళ్ళు పోతాయే" అనేవాళ్ళు ఆ గదిలో ఎవరూ లేరు. హోసూరులో మా ఇంట్లో నేను పుస్తకాలు చదివింది రాగుల గాదె వెనక కూర్చుని. కాబట్టి ఆ గది పోగొట్టుకోవడమంటే నాకు మళ్ళీ గాదె వెనక్కి పోవడమే.

పోయే ప్రమాదం వచ్చిపడింది. మా పైఅధికారిణిని చాటున అందరం గొడుగమ్మ అనేవాళ్ళం. వానా ఎండా లేకపోయినా, ఆఫీసు గదిలో కూడా, ఆమె చేతిలో గొడుగుండేది. మాటకొక్కసారి దాని మొనతో నేలను పొడిచేది. ఒకరోజు నన్ను పిలిచి అంది. "చూడమ్మా, నువ్వొచ్చి ఇన్ని దినాలాయె. ఒక్క మీటింగన్నా పెట్టినావా? కాలువ కడపటి ఊరికి సైకిల్ మీద పోయి, ఆడోళ్ళను కూర్చోబెట్టి మాట్లాడు. సాయంత్రం నేను జీపులో వచ్చి చూస్తాను. నీ చేత కాదంటే మీ నాయనకు రాస్తా, వచ్చి పిలుచుకొని పోతాడు." నాన్న హోసూరులో బస్సెక్కి, సూళగిరి, గురుబరపల్లి దాటి, కృష్ణగిరిలో దిగి, నా ట్రంకు పెట్టె భుజాన పెట్టుకోవడం అప్పుడే నా కళ్ళకు కట్టింది.

నాతో పాటు ఆ గదిలో ఉండే ఇంకో సేవికది తళి అనే ఊరు. వాళ్ళది గొర్రెలు మేపుకునే కుటుంబం. అందరం తళి అక్క అనేవాళ్ళం. ఆమెకు భయం అనే వస్తువు దేవుడు ఇవ్వలేదు. అన్న సైకిల్ మీద, కడ్డీ సందులోంచి కాలు దూర్చి చిన్నప్పుడే నేర్చుకుంది. ఆఫీసువాళ్ళిచ్చిన లేడీస్ సైకిల్ మీద నాకు నేర్పే పూచీ కూడా ఆమే తీసుకుంది. తెల్లవారక ముందే సంత మైదానానికి పోయేవాళ్ళం. ఒక బండరాయి మీద నిలబడి సీటు మీదికి చేరడం నేర్చుకున్నాను. నేరుగా పోవడం నేర్చుకున్నాను. దిగడం మాత్రం ఎంతకీ రాలేదు. ఏదో ఒక గోడో స్తంభమో దొరికితే దాన్ని కావలించుకుని ఆగేదాన్ని. దొరక్కపోతే పడేదాన్ని.

"దిగేది నేర్వకుండా ఎక్కేదానికి ఎవురు చెప్పినారమ్మా నీకు? నీ పుస్తకాల్లో ఎక్కేదాని వరకే ఉండాదా?" అని తళి అక్క నా మోకాళ్ళకు పసుపు అద్దుతూ అడిగేది.

దిగడం రాకపోతేనేం, ప్రణాళిక వేయడంలో నన్ను మించినవాళ్ళు లేరు. ఆఫీసు గోడ మీది కాలువ పటాన్ని పల్చటి కాగితం పెట్టి నకలు తీసుకున్నాను. గొడుగమ్మ దగ్గరికి పోయి, ముందురోజు నుంచి వల్లెవేసుకున్న వాక్యం అప్పజెప్పాను. "నీళ్ళు పల్లానికే కదండీ పోతాయి, గట్టు మీద పోతే తొక్కే శ్రమే ఉండదు." ఆమె గొడుగుతో నేలను మెచ్చుకోలుగా పొడిచింది. తళి అక్క మాత్రం, "పోయేటప్పుడు పల్లమైతే వచ్చేటప్పుడు మిట్ట గాదా?" అంది. ఆ ప్రశ్నకు నా ప్రణాళికలో చోటు లేదు.

ఇక ఆగడం సంగతి. గట్టు మీద గోడలుండవు. పటం చూస్తే కొంత దూరానికొకటి చొప్పున తూములున్నాయి. కాలువ నీళ్ళు పొలాలకు మళ్ళించే ప్రతి తూముకూ పక్కన నడుమెత్తు రాతికంబం ఉంటుందని వాకబు చేసి తెలుసుకున్నాను. అంతే, ప్రతి తూము దగ్గరా కంబం పట్టుకుని ఆగి, ఊపిరి తీసుకుని, కంబాన్ని తోసుకుని మళ్ళీ బయల్దేరడం అని నిర్ణయించాను. తర్వాత పైట. గాలికి ఎగిరి చక్రంలో పడకుండా నాన్న పాత ఖాకీ కోటు పైన తొడుక్కోవాలి. తర్వాత ఎండ. ఆఫీసు సామాన్ల గదిలో ఎవరో వదిలేసిపోయిన ఖాకీ టోపీ ఒకటి ఉంది, పెద్ద అంచుది, పెట్టుకుంటే ముక్కు దాకా దిగేది. ఎండకని చెప్పి తీసుకున్నాను (అసలెందుకో మీకు తెలుసు). చద్దికి చిత్రాన్నం. దాని కింద, గుడ్డలో చుట్టి, సగం చదివిన నవల. మీటింగులో చెప్పవలసిన మాటలు కంఠతా పట్టాను. "నీళ్ళు కాచి తాగండి, అమ్మలారా" అని మొదలవుతుంది ఉపన్యాసం. గదిలో, కిటికీ వైపు తిరిగి చెబితే కోట కూడా కదిలేటంత బాగా వచ్చేది.

ఇంత బాగా ఆలోచించినదాన్ని ఒక్క విషయం ఆలోచించలేదు. కాలువ గట్టు మీద సైకిల్ మీద వచ్చే మనుషులు లోకంలో ఇద్దరే ఇద్దరు. కాలువ ఓవర్సీరు ఒకడు, ఆయన కింద తూములు చూసుకునే లస్కరు ఒకడు. వంతు కానిరోజు తూము ఎత్తినవాళ్ళనూ, గట్టుకు గండి కొట్టి పొలానికి మడవ కట్టి నీళ్ళు తిప్పుకున్నవాళ్ళనూ పట్టుకోవడానికి వాళ్ళొస్తారు. అందుచేత ఆ గట్టు మీద ఖాకీ బట్టల సైకిల్ మనిషి ఎప్పుడు కనబడతాడా అని కలుపు తీసేవాళ్ళు, గడ్డి కోసేవాళ్ళు, మంచె మీదివాళ్ళు ఎప్పుడూ ఒక కన్ను అటే వేసి ఉంచుతారు. ఎవరూ చూడని దారి అని నేను వెతికి పట్టుకున్నది జిల్లా మొత్తానికీ ఎక్కువ కళ్ళు కాపలా కాసే దారి.

ఆ రోజు తళి అక్క కూడా ఇంకో సైకిల్ మీద నాకు తోడు వచ్చింది. డ్యాము దాటి కొంచెం దూరం పోయామో లేదో, పొలంలోంచి ఒక కేక లేచింది. "సైకిల్ వస్తా ఉండాది, మూయండ్రా." ఆ కేకను పక్క పొలంవాళ్ళు అందుకున్నారు, వాళ్ళ దగ్గర్నుంచి ఆ పక్కవాళ్ళు. మా సైకిళ్ళకంటే ముందు ఆ కేక పోతూనే ఉంది. ఎక్కడ చూసినా మనుషులు పారలు పట్టుకుని గట్టు వైపు పరిగెత్తుతున్నారు. గండ్లలో మట్టి పడుతోంది, తూము పలకలు దడదడ దిగుతున్నాయి. ఏదో ప్రమాదమనుకుని నేను వేగం పెంచాను. వేగం పెంచిన కొద్దీ పారలు కూడా వేగం పెంచాయి.

మొదటి తూము వచ్చింది. ప్రణాళిక ప్రకారం కంబం పట్టుకుని ఆగాను. మనుషుల వైపు చూడలేక నీళ్ళ వైపు చూస్తూ నిలబడ్డాను. తల వంచుకుని, టోపీ ముక్కు మీదికి దిగి, తూములో నీళ్ళ మట్టాన్నే నేను చూస్తున్నట్టు కనబడిందట (తళి అక్క తర్వాత అభినయించి చూపించింది). మోకాళ్ళ దాకా బురదతో ఒక పెద్దాయన చేతులు కట్టుకుని వచ్చాడు.

"అయ్యా, మేం తెరవలేదప్పా. రాత్రి ఎలకలు తవ్విపోయినాయి," అన్నాడు. అంతలో టోపీ కింద జడ కనబడింది. ఒక అడుగు వెనక్కి వేసి, గట్టు కిందివాళ్ళతో గొంతు తగ్గించి అన్నాడు. "ఒరే, ఆడ ఓవర్సీరును పంపించినార్రా. మగోడైతే కాఫీ తాపించి పంపిస్తాము. ఈయమ్మను ఏం చేసేది?"

"అక్కా, మనం కాదని చెప్పక్కా," అని వెనక ఆగిన తళి అక్కను బతిమాలాను.

"నువ్వే చెప్పు. నీకు నోరు లేదా? మీటింగు పెట్టేదానివి గదా," అంది ఆమె, పైట నోట్లో కుక్కుకుని.

నిజమే, చెప్పాలి. గొంతు సవరించుకున్నాను. కంఠతా పట్టినది తప్ప ఇంకేదీ నాలుక మీదికి రాలేదు. "నీళ్ళు..." అన్నాను. అక్కడే ఆగిపోయాను. పెద్దాయన మొహం పాలిపోయింది. "మూసేస్తా ఉండాము తల్లీ," అని పార ఎత్తుకుని పరిగెత్తాడు. "అంతా వినండి, పోయిన సైకిల్ తిరిగి రావల్ల గదా, తిరిగి వచ్చిపోయే దాకా ఒక్కడూ తెరవద్దు," అని ఆయన అవతలివాళ్ళకు చెప్పడం నాకు వినబడింది.

ఆ తర్వాత ప్రతి తూము దగ్గరా ఇదే తంతు. నేను దిగడం చేతగాక కంబం పట్టుకుంటాను, వాళ్ళు తనిఖీ అనుకుంటారు. నేను సిగ్గుతో మాట్లాడను, వాళ్ళు కోపం అనుకుంటారు. ఒకచోట కంబం అందక తుమ్మకంప మీద పడ్డాను. లేవదీసినవాళ్ళు, అంత కిందికి వంగి చూసే ఓవర్సీరును తాము ఎన్నడూ చూడలేదన్నారు.

మధ్యాహ్నానికి కడపటి ఊరు చేరాము. అక్కడ కాలువ అంటే పేరుకే. అడుగున పగుళ్ళిచ్చిన మట్టి, అందులో మేకలు. నారు పోసి ఎదురు చూస్తున్న ఊరు. తళి అక్క ఇల్లిల్లూ తిరిగి సాయంత్రానికి ఆడవాళ్ళను ఒక అరుగు మీదికి చేర్చింది. వాళ్ళలో పండు ముసలి అవ్వ ఒకామె నా ఎదురుగా కూర్చుని, కాళ్ళు చాపుకుని, "చెప్పమ్మా, వింటాము," అంది. నేను లేచాను. కూర్చున్నాను. మంచినీళ్ళు తాగాను. మళ్ళీ లేచాను. "నీళ్ళు..." అన్నాను.

అదే క్షణంలో కాలువ వైపు నుంచి ఎవరో, "నీళ్ళు వచ్చినాయి," అని అరిచారు.

అరుగు ఖాళీ అయింది. చంకలో బిడ్డలున్నవాళ్ళు బిడ్డలతోనే పరిగెత్తారు. అవ్వ కూడా కర్ర మరిచిపోయి పోయింది. పోయి చూద్దును కదా, పొద్దున పైన మూతపడ్డ తూముల నీళ్ళన్నీ పగుళ్ళ మీద నురగతో పాక్కుంటూ వస్తున్నాయి. ఊరంతా కాలువలో నిలబడి ఉంది. నా మీటింగులో మాత్రం ఎవరూ లేరు. సరిగ్గా అప్పుడే గొడుగమ్మ జీపు వచ్చి ఆగింది.

ఆమె దిగి ఖాళీ అరుగును చూసింది. నన్ను చూసింది. "మీటింగు యాడమ్మా?" అంది. నా ట్రంకు పెట్టె మళ్ళీ నాన్న భుజం మీదికి ఎక్కింది.

గొడుగు నేలను పొడవక ముందే అవ్వ వచ్చింది, తళి అక్క నోట పొద్దుటి కథంతా విని, చీర కుచ్చిళ్ళు తడుపుకుని, వెనక అందర్నీ వేసుకుని. బురదకాళ్ళతో అరుగు నిండా కూర్చున్నారు.

"ఏమి చెప్పిందమ్మా ఈ పిల్ల మీకు?" అని గొడుగమ్మ అడిగింది.

"ఏమీ చెప్పలేదు," అంది అవ్వ. "సుమ్మనె, ఊరికే సైకిల్ మీద వచ్చినాది. పైన ఉండేవోళ్ళు దీని టోపీ చూసి గండ్లు మూసినారు. మేము పోయి కొట్లాడినా మూయలేదు, అర్జీలు పెట్టినా మూయలేదు. ఇంగ ఈ ఊరికి వేరే పిల్లను పంపిస్తే మేము కూర్చోము, చెప్తా ఉండా."

గొడుగమ్మ కాలువ వైపు తిరిగింది. నవ్వు ఆపుకోవడానికి గొడుగు విప్పి మొహానికి అడ్డం పెట్టుకుందని తళి అక్క ఇప్పటికీ ప్రమాణం చేస్తుంది. గొడుగు వెనక నుంచే, "సరే, ఈ కాలువ నీదే. మాట్లాడేది వచ్చే నెల నేర్చుకో," అన్న మాట మాత్రం నేనే విన్నాను. పొద్దు వాలుతోంది, ఆడపిల్లలు గట్టు మీద వెనక్కి పోవడమేమిటని మా సైకిళ్ళు జీపులో వేయించి రోడ్డు దారిన తీసుకుపోయింది. పైనున్నవాళ్ళు పాపం, తిరుగు సైకిల్ కోసం తెల్లవార్లూ తూములు మూసుకుని కాచుకున్నారట. కడపటి ఊరి మడికయ్యలు తెల్లారేసరికి నిండాయట.

ఆ తర్వాత నేను మాట్లాడడం నేర్చుకున్నాను, దిగడం కూడా నేర్చుకున్నాను. ఎన్నో ఊళ్ళలో గంటలకొద్దీ ఉపన్యాసాలు ఇచ్చాను. వాటిలో ఒక్కటీ ఆనాటి "నీళ్ళు" అన్న ఒక్క మాటంత పని చేయలేదు. టోపీ కిందికి తల దాచుకున్న ఆ పిల్లను ఇప్పుడు తలుచుకుంటే, దాన్ని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని, సగంలో ఆగిన ఆ నవల చేతికివ్వాలనిపిస్తుంది. ఆ సాయంత్రం జీపు కదలబోతుంటే అవ్వ వచ్చి నా ఖాకీ చెయ్యి పట్టుకుంది. గొడుగమ్మకు వినబడకుండా నా చెవి దగ్గరికి వంగింది.

"వచ్చే వారం గూడా రామ్మా. మాకేమీ చెప్పే పన్లేదు. వచ్చేటప్పుడు గట్టు మీద రా. పోయేటప్పుడు మాత్రం రోడ్డు మీద పో."