కుందుర్పి దగ్గర సీసాకు పెట్టిన భోజనం

శ్యామల నా చిన్ననాటి స్నేహితురాలు. ఎప్పుడో చల్లిన పురుగుమందులు మట్టిలో, తిండిలో ఇంకా ఎంత మిగిలాయో, అవి మనుషుల ఒంట్లోకి ఎంత చేరుతున్నాయో కొలవడం ఆమె పని. "ఇళ్ళల్లో తినేదంతా సీసాల్లోకి ఎత్తుకొస్తాను, వస్తావా?" అంది. తిండి అన్న మాట చెవిన పడగానే నేను సంచి సర్దేశాను. నా బుద్ధే అంత!

అనంతపురంలో పొద్దున్నే బస్సెక్కితే కళ్యాణదుర్గంలో బొరుగుల ఉగ్గాని, బజ్జీ వేడివేడిగా దొరుకుతాయి. తిని, అక్కడి నుంచి కుందుర్పి బస్సు పట్టుకున్నాం. బస్సు దిగాక పల్లెకు ఆటోనే గతి. బేరం ముందే ఆడుకోవాలి. సీసాలు సర్దుకున్న మా ఐసు పెట్టె చూసి డ్రైవరు, "ఏమక్కా, సూదిమందులా?" అన్నాడు. "కాదప్పా, మీ సంగటి పరీక్ష చేయడానికి" అంది శ్యామల. "అది తినే కదక్కా ఇంత గట్టిగా ఉండాం!" అని ఒకటే నవ్వు.

మేం వెళ్ళింది రంగమ్మ ఇంటికి. ఆమె కోడలు లక్ష్మి చంటిబిడ్డ తల్లి. పాత మందులు తల్లిపాలలోకి కూడా వస్తాయని ఎవరో అన్నారట. అప్పటి నుంచి బిడ్డకు పాలిచ్చినప్పుడల్లా గుండె దడే. తనే ఫోన్ చేసి శ్యామలను రమ్మంది. శ్యామల ఆ ఇంటి దుమ్ము ఊడ్చి తీసుకుంది, పెరటి మట్టి, బోరు నీళ్ళు, కాస్త నెయ్యి, లక్ష్మి పాలు పట్టుకుంది. ఇక మిగిలింది భోజనం. లక్ష్మి ఏది ఎంత తింటే అదే, అంతే సీసాలో పడాలి.

రంగమ్మ వడ్డించింది చూస్తే నా నోరూరింది. ఓళిగలు, అదే మన బొబ్బట్లు, నెయ్యి, చిత్రాన్నం, తెల్లన్నం! "రోజూ ఇదేనా అత్తా?" అని అడిగింది శ్యామల. "ఇదేమ్మా" అంది రంగమ్మ, మా ముఖాలు చూడకుండా. లక్ష్మి పళ్ళెం ముట్టలేదు.

"రోజూ తింటాండేది సంగటి, ఊరిబిండి కదత్తా! అది పెట్టకపోతే నా పాల సంగతి ఎట్ల తెలుస్తాది?"

"ఇంటికొచ్చినోళ్ళకు సంగటి పెడతారా ఎవరన్నా? ఆ సీసా టౌనుకు పోతాది. ఆడ మూత తీసి చూసినోళ్ళు, ఈళ్ళింట్లో ఇంతేనా అనుకోరా?"

నాకు నవ్వొచ్చింది. శ్యామల మాత్రం నవ్వలేదు. "సీసా చుట్టం కాదత్తా. లక్ష్మి కడుపు అనుకో" అంది. రంగమ్మ లోపలి నుంచి సంగటి తపేలా, వేరుశనగలు నూరిన ఊరిబిండి తెచ్చింది. సీసాలో మాత్రం పెద్ద ముద్దే వేసింది! శ్యామల సగం తీసేస్తే, "ఇంత పిసినారితనమేందమ్మా" అని గొణిగింది. ఓళిగలన్నీ నా వాటాకొచ్చాయి, అబ్బ, ఏం రుచి!

"రిపోర్టు వచ్చేంతవరకు బిడ్డకు పాలియ్యొచ్చా అక్కా?" అని లక్ష్మి మెల్లగా అడిగింది. "ఇయ్యి, ఆపొద్దు. మందు ఆనవాళ్ళు కనిపించినా పాలు మాన్పించరు. అది యాడ నుంచి వస్తాందో తెలుసుకుని, దాన్ని ఆపుతాం" అంది శ్యామల. లక్ష్మి కళ్ళనిండా నీళ్ళు. అక్కడే బిడ్డను ఒళ్ళోకి తీసుకుంది.

కొలతలంటే యంత్రాల పని అనుకునేదాన్ని. ఒక ఇల్లు తన రోజువారీ పళ్ళేన్ని పరాయివాళ్ళ ముందు పెట్టడానికి ఎంత గుండె కావాలో ఆ రోజే చూశాను, ఆ అత్తాకోడళ్ళకు దండం పెట్టాలనిపించింది. మీరెవరైనా ఇలా వెళ్తే, తిరుగు బస్సు ఎప్పుడో దిగేటప్పుడే కండక్టరును అడిగి పెట్టుకోండి. సాయంత్రం బస్సులు తక్కువ. మేం ఆటో ఎక్కుతుంటే రంగమ్మ గబగబా వచ్చి శ్యామల చెయ్యి పట్టుకుంది. "చెడ్డగా వచ్చినా మాకు చెప్పమ్మా. మొగమాటానికి దాయొద్దు."