మావయ్యా, మళ్లీ తెర వెలగడం లేదు

ఆ పొద్దున పక్కింటి స్కూటర్ సీటు మీద వాన నీళ్లు అలాగే నిలిచి ఉన్నాయి. మావయ్య లేవగానే చేసే మొదటి పని పాత బనీనుతో ఆ సీటు తుడవడం. స్కూటర్ బయటికి తీయని రోజు కూడా తుడిచేవారు. నేను బ్రష్ నోట్లో పెట్టుకుని ఆ నీళ్లనే చూస్తున్నాను. గేటు దగ్గర్నుంచి అమ్మ ఏదో చెప్పింది. లంబాలైన్ అనే మా పేటలో ఇళ్ల పక్కనే విమానాలు దిగుతాయి. ఆ చప్పుడు తగ్గేదాకా ఇక్కడ ఎవరూ మాట్లాడరు. అమ్మ ఆ రోజు ఆగలేకపోయింది. చప్పుడు పోయాక మళ్లీ చెప్పింది. ఛాతీలో కాస్త బరువుగా ఉందని ఆసుపత్రికి వెళ్లిన పక్కింటి మావయ్య తెల్లవారకముందే పోయారట.

"సీటు తుడవలేదు" అన్నాను. ఎందుకలా అన్నానో నాకిప్పటికీ తెలీదు.

ఆయన మాకు చుట్టం కాదు. వాళ్ల తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఈ దీవులకి వచ్చారు. ఆయన ఇక్కడే పుట్టి, చాతం రేవులో ఫెర్రీ టికెట్ కౌంటర్‌లో పనిచేసి రిటైరయ్యారు. కౌంటర్‌లో కంప్యూటర్ మొరాయించినప్పుడు బాగుచేసే మనిషి వచ్చేదాకా క్యూ ఊరుకోదు కాబట్టి తానే విప్పడం మొదలుపెట్టారట. అంతకుమించి నేర్చుకున్నదేమీ లేదు. ఆ మాట ఆయనే చెప్పేవారు. మా కంప్యూటర్ ముందు చతికిలబడి, చాలాసేపు చూసి, "నాకూ తెలీదు బేటా. తెలీదు కాబట్టి విప్పుదాం" అనేవారు.

విప్పేముందు మాత్రం అడిగేవారు. "ఆఖరిసారి బాగా పనిచేసినప్పుడు ఏం చేశావ్?" నేను తడబడేదాన్ని. పాడైన సంగతి చెప్పడానికి వచ్చినదాన్ని, బాగున్న రోజు గురించి అడిగితే ఏం చెప్పను? ఆయన తొందరపెట్టేవారు కాదు. స్క్రూ డ్రైవర్‌తో వీపు గోక్కుంటూ కూర్చునేవారు.

ఒక వానాకాలంలో మా కంప్యూటర్ బొత్తిగా లేవలేదు. లోపల ఫ్యాను తిరుగుతుంది, కీచుమని అరుస్తుంది, తెర మాత్రం నల్లగా ఉంటుంది. కరెంటు ఇచ్చే డబ్బా పోయిందని మావయ్య తేల్చారు. కొత్తది చెన్నై నుంచి రావాలి. సముద్రం బాగోలేక ఓడ ఆలస్యమైంది. వచ్చాక బిగించారు. మళ్లీ అదే అరుపు, అదే నలుపు.

"తప్పు లేనివాణ్ణి సస్పెండ్ చేశాం చెల్లెమ్మా" అన్నారు అమ్మతో. అప్పుడే పక్కన మడతపెట్టి ఉన్న ప్లాస్టిక్ కవరు మీద ఆయన కన్ను పడింది. అమ్మ ఆ కవరును ప్రేమగా కొలతలు తీసుకుని కుట్టింది. స్విచ్ కట్టేయగానే వేడివేడిగా ఉన్న కంప్యూటర్‌కి తొడిగి, అడుగున తాడు బిగించేది.

"ఇదేంటి, రెయిన్‌కోటా? మీ ఇంట్లో వాన పడుతోందా?"

"ఉప్పుగాలి కదన్నయ్యా."

"ఉప్పుగాలిని లోపల పెట్టి మూటగట్టావు. పాపం, దానికి చెమట పట్టింది."

లోపలి నుంచి మెమరీ పట్టీ తీసి చూపించారు. దాని పళ్లకి పచ్చగా చిలుం పట్టింది. నా రబ్బరు అడిగి, వాటిని మెల్లగా రుద్ది, మళ్లీ నొక్కారు. తెర వెలిగింది. అమ్మ ఆ కవరును కుట్టుమిషన్‌కి తొడిగింది. ఆయన చూసి నవ్వారు.

బాగయ్యాక ఒక తంతు ఉండేది. "ఏదైనా ఫైలు తెరిచి చదువు. పైకి చదువు." నేను అక్కడ దాచుకున్నవన్నీ నా కథలే. ఎవరికీ చూపించనివి. అయినా చదివేదాన్ని. ఆయన విప్పిన స్క్రూలు గుప్పిట్లో పట్టుకుని కదలకుండా వినేవారు. "ఠీక్ హై, ఫైలు చెడలేదు" అని లేచేవారు. అది రిపేరులో భాగమే అనుకున్నాను. తెర మీద అక్షరాలు కనబడుతుంటే మళ్లీ పైకి చదవడం దేనికో అర్థమయ్యేది కాదు.

చుట్టాలంతా వెళ్లిపోయాక, ఒక సాయంత్రం పక్కింటి అత్తయ్య మా గుమ్మంలో నిలబడింది.

"అరే, ఆ అవతలి ఒడ్డు బాంబూఫ్లాట్ పిల్ల సంగతి ఏమైంది?"

"ఏ పిల్ల అత్తయ్యా?"

"నీ కథలో పిల్ల. ఆఖరి ఫెర్రీ కోసం పరిగెత్తుకొచ్చి టికెట్ తీసుకుంది కదా. మీ మావయ్య అన్నం తింటూ అక్కడిదాకా చెప్పారు. తర్వాత ఏమైందంటే, రేపు చెప్తానన్నారు."

నా కథలు ఆ ఇంట్లో కంచం ముందు తిరుగుతున్నాయని నాకు తెలీదు. పైగా నా కథలో టికెట్టే లేదు. నోటితో చెప్పేద్దామంటే నాకు మాటలు రావు. చదవగలను, అంతే. కథ కంప్యూటర్‌లో ఉంది, ఇంకెక్కడా లేదు. కంప్యూటర్ చూస్తే, ఆయన పోయినప్పటి నుంచి మళ్లీ అరుస్తోంది.

"రేపు రండి అత్తయ్యా" అన్నాను.

ప్లగ్గు తీశాను. మెమరీ పట్టీ తీసి రుద్దాను. ఆ చేత్తోనే తెర వెనక వైరు కూడా ఊడదీసి బిగించాను. తెర వెలిగింది. "ఒకసారికి ఒకటే మార్చు బేటా, లేకపోతే ఏది బాగుచేసిందో ఎప్పటికీ తెలీదు" అని ఆయన ఎన్నిసార్లు చెప్పి ఉంటారో. రోగం పట్టీదా వైరుదా? తెలీదు. మళ్లీ కట్టేయడానికి భయమేసి, అత్తయ్య వచ్చేదాకా అలాగే ఉంచాను.

అత్తయ్య కొంగుతో చేతులు తుడుచుకుని కుర్చీ దగ్గరికి లాక్కుంది. చదివాను. నా కథలో ఆ అమ్మాయి వచ్చేసరికి కౌంటర్ మూసేసి ఉంటుంది. ఫెర్రీ కదిలిపోతుంది.

"మూసేశారా?" అంది అత్తయ్య. "మీ మావయ్య ఉండగా, మనిషి పరిగెత్తుకుంటూ వస్తుంటే కౌంటర్ మూస్తారా? టికెట్ ఇచ్చి, తాడు విప్పొద్దని పడవ వాళ్లకి కేక కూడా వేశారట."

మార్చాలా వద్దా ఇంకా తేల్చుకోలేకపోతున్నాను. ఏది అసలు కథో కూడా తెలీడం లేదు.

"ఆ మూసేసిన మాట ఎక్కడుంది, చూపించు."

చూపించాను. అత్తయ్య తెర మీద ఆ అక్షరాల దగ్గర వేలు ఆనించి, చాలాసేపు తీయలేదు.

వాళ్లిద్దరూ చదువుకున్నది హిందీ మీడియంలో. అత్తయ్యలాగే మావయ్యకూ తెలుగు చదవడం రాదు.